పూజలో పెట్టిన కంప్యూటర్

ఆయుధపూజ ముందురోజు సాయంత్రం నేను చేసిన పని ఇప్పుడు గుర్తొచ్చినా అరచేతులకు చెమట పడుతుంది. ఆ పని నన్ను ఎవరూ చెయ్యమనలేదు. చెయ్యకపోతే ఎందుకు చెయ్యలేదని అడిగేవాళ్లూ లేరు. శుభ్రం చేద్దామన్న ఉత్సాహం ఒకటి, నాకన్నీ తెలుసన్న మిడిసిపాటు ఒకటి. ఆ రెండూ కలిసి నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టాయి.

అప్పటికి చిక్కబళ్ళాపురం జిల్లా విడిపోలేదు, మాది ఇంకా కర్ణాటకలోని కోలారు జిల్లానే. చింతామణిలో ఒక చిన్న ధర్మాసుపత్రిలో నాకు కంప్యూటర్ పని. డిప్లొమా చేసి ఇంట్లో ఖాళీగా ఉన్న నన్ను అక్కడి డాక్టరమ్మ పిలిచి పెట్టుకుంది. ఆసుపత్రి మొత్తానికి ఒక్కటే కంప్యూటర్, రక్తపరీక్షల గదిలో ఒక మూల ఉండేది. దానిలో పనికొచ్చేది కూడా ఒక్కటే, రక్తదాతల జాబితా. చింతామణి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, గౌరిబిదనూరు, వాటి చుట్టుపక్కల పల్లెల్లో అవసరమైతే రక్తం ఇస్తామని ఒప్పుకున్నవాళ్ల పేర్లు, ఊళ్లు, గ్రూపులు, ఫోన్ నంబర్లు. ఫోన్ లేనివాళ్లకు పక్కనున్న అంగడి నంబరు రాసుకునేవాళ్లం. మా రక్తనిధి అంటే ఒక ఫ్రిజ్జు. అరుదైన గ్రూపులు అందులో ఎప్పుడూ ఉండేవి కావు. అవి కావలసి వస్తే జాబితా తెరిచి ఆ మనిషిని పిలిపించడమే దారి.

ఆ జాబితా అంతా నేనే టైపు చేశాను. టైపు అయిపోయాక ఆ కాగితాల కట్టలన్నీ పాతపేపర్ల వాడికి వేసింది కూడా నేనే. జాబితాను నెలకొకసారి సీడీలోకి కాపీ తీసి దాచమని చెప్పారు. మొదట్లో రెండుసార్లు తీశాను, ఆ సీడీలు ఎక్కడో పోయాయి. తర్వాత రేపు తీద్దాంలే అనుకుంటూ మానేశాను.

దాన్ని తయారుచేసి పెట్టింది డాక్టరమ్మ బంధువుల్లో ఒక ఇంజనీరు. బెంగళూరు నుంచి వచ్చి రెండురోజులు కూర్చుని, లినక్స్ వేసి, వెళ్లేముందు నాకు నల్లటి తెర మీద ఆజ్ఞలు టైపు చేసి పని చేయించుకోవడం నేర్పాడు. ఇన్‌స్టాల్ అని రాసి పేరు కొడితే ఆ సాఫ్ట్‌వేర్ వచ్చి కూర్చుంటుంది. రిమూవ్ అంటే పోతుంది. పర్జ్ అంటే సెట్టింగులతో సహా ఆనవాలు లేకుండా పోతుంది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసిచ్చి, ఆరు సీడీలు ఒక సంచిలో పెట్టి ఇచ్చాడు. మాకు ఇంటర్నెట్ లేదు, కాబట్టి ఏదైనా వెయ్యాలంటే ఆ సీడీల్లోంచే. ఒక సాఫ్ట్‌వేర్ మీద ఇంకొకటి ఆధారపడి ఉంటుందనీ, తీసేముందు తెర మీద ఏం రాస్తోందో చదవమనీ రెండుసార్లు చెప్పాడు. నేను తల ఊపాను. ఆరు నెలలయ్యేసరికి మౌసుతో పని చేసేవాళ్లను చూస్తే నాకు జాలి వేసేంత దూరం వెళ్లిపోయాను.

మా నాన్నది ఇనుపసామాన్ల అంగడి. ఆయుధపూజ ముందురోజు మా అంగడి మొత్తం వీధిలోకి వచ్చేసేది. ప్రతి పెట్టె, ప్రతి డబ్బా బోర్లించేవాళ్లం. ఏడాదిలో ఒక్కసారి కూడా చెయ్యి తగలని వస్తువును మా నాన్న మళ్లీ లోపలికి రానిచ్చేవాడు కాదు. వాడనిది పూజలో కూర్చోకూడదన్నది మా ఇంటి పట్టింపు. ఆ పట్టింపుతోనే నేను ఆ సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చున్నాను. దాంట్లో ఉన్న సాఫ్ట్‌వేర్ పేర్లన్నీ తెర మీదికి రప్పించాను. వరసగా దిగుతూనే ఉన్నాయి. అందులో పదోవంతు కూడా నేను ఎప్పుడూ తెరిచినవి కావు. నాకు మా అంగడే కనిపించింది.

ఆటలు తీసేశాను. మాకున్న ఒక్క ప్రింటరుది తప్ప మిగతా ప్రింటర్ల తాలూకువి తీసేశాను. ఏ భాషదో తెలియని నిఘంటువు తీసేశాను. ఒక్కొక్కటి పోతున్నప్పుడు ఇంత స్థలం మిగిలిందని యంత్రం చెబుతుంటే భలే హాయిగా ఉండేది. మామూలుగా తీస్తే ఏం శుభ్రమని అన్నిటికీ పర్జ్ చేర్చాను. పేరు చివర కామన్ అని ఉన్న ఒకటి వచ్చింది. ఇది నేనెప్పుడూ తెరవలేదు కదా అనుకుని ఆజ్ఞ కొట్టాను. దీంతోపాటు ఇవి కూడా పోతాయి అంటూ తెర మీద నాలుగు వరసలు వచ్చాయి. కొనసాగించమంటావా అని అడిగింది. ఎంటర్ కొట్టాను. మధ్యలో తెర నీలంగా మారి పెట్టె కట్టిన ప్రశ్న ఏదో వచ్చింది. దానికీ కొట్టాను. తర్వాత యంత్రం ఆపేసి, తడిగుడ్డతో తుడిచి, సంతృప్తిగా ఇంటికి వెళ్లి అన్నం తిని పడుకున్నాను.

మరునాడు పొద్దున పూజ. మా ల్యాబ్‌లో పనిచేసే పెద్దాయనదే పెత్తనం. వాళ్లది తరతరాలుగా గుడిలో సేవ చేసిన కుటుంబం. పగలంతా మైక్రోస్కోపు ముందు కూర్చునే మనిషి అయినా పూజ విషయంలో వెంట్రుకవాసి తేడా ఒప్పుకునేవాడు కాదు. ఆపరేషన్ సామాన్లు పూజలో పెట్టకూడదని డాక్టరమ్మ ముందే చెప్పేసి, వాటికి బదులు ఒక తుప్పు పట్టిన కత్తెర ఇచ్చింది. ఆయనకు నచ్చకపోయినా కత్తెరకు బొట్టు పెట్టాడు. మైక్రోస్కోపు, జీపు, కంప్యూటర్, అన్నిటికీ గంధం, కుంకుమ, చేమంతులు. సీడీలను కూడా ఒక పళ్లెంలో పరిచాడు. వాటికి అద్దంలా మెరిసే వైపే ముఖమనుకుని, ఆ వైపే గంధం పూసి కుంకుమ పెట్టాడు. చూడ్డానికి ముచ్చటగా ఉందని నేనూ ఏమీ అనలేదు. చివరికి కంప్యూటర్ చుట్టూ పసుపు దారం మూడుచుట్లు కట్టి ముడి వేశాడు. విజయదశమి పొద్దున మళ్లీ పూజ చేసి దారం విప్పేదాకా పనిముట్లకు విశ్రాంతి, ఎవరూ ముట్టకూడదు.

బయట గుమ్మడికాయ పగలగొట్టారు. అందరూ పులిహోర తింటున్నారు. నేను మానిటర్‌కు తగిలించిన దండ సర్దుతున్నాను. ఉన్నట్టుండి ఆ నీలం తెర, దాని మీది ప్రశ్న, అక్షరం అక్షరం నా కళ్లముందు నిలబడ్డాయి. డేటాబేసులన్నీ చెరిపేయమంటావా అన్నదే ఆ ప్రశ్న. మా జాబితా ఉండేది ఆ డేటాబేసులోనే. కింద అవును ఒకవైపు, కాదు ఇంకొకవైపు.

నేను ఏది నొక్కాను?

ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఎంటర్ కొట్టిన వేలు గుర్తుంది, కొట్టిన చప్పుడు గుర్తుంది, అవును మీద కొట్టానో కాదు మీద కొట్టానో గుర్తులేదు. కాగితాలు లేవు. కాపీ లేదు. ఏడాదిన్నరపాటు పల్లెపల్లె తిరిగి మా నర్సులు రాసుకొచ్చిన పేర్లన్నీ ఆ దండ వెనక ఉన్నాయో లేవో నాకు తెలియదు. నా చేతికిచ్చిన పులిహోర నోట్లో పెట్టుకుంటే మింగుడు పడలేదు. బయటికి వెళ్లి గోడ పక్కన ఉమ్మేశాను.

స్విచ్ వేసి చూస్తే తెలిసిపోతుంది. కానీ దారం ఉంది. ఆ దారాన్ని చూసి నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఈ రోజంతా ఎవరూ దాన్ని తెరవరు. రేపు అందరికంటే ముందు వచ్చి, ఏమైందో చూసి, బాగు చెయ్యగలిగితే చేసేస్తాను. ఒక్కరోజు గడిస్తే చాలు. రక్తం కావాలని ఈరోజు ఎవరూ రాకూడదని కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాను. పక్కనున్నవాళ్లు నా భక్తికి సంతోషించి ఉంటారు.

పదకొండు కాకముందే బయటినుంచి ఒక బాడుగ జీపు వచ్చింది. బాగేపల్లి అవతల ఒక పల్లె నుంచి తొలిచూలు మనిషిని తెచ్చారు. ఇంకా నెల టైము ఉందట, తెల్లవారినప్పటినుంచీ రక్తం పోతోందట. జీపులోంచి దింపుతుంటే ఆమె కాలి వేలి నుంచి నేల మీదికి కారింది. ఆమె మొగుడు పొలంలోంచి అట్లాగే వచ్చినట్టున్నాడు, పంచెకు బురద. పెద్దాయన రక్తం తీసి, గాజు పలక మీద కంటితోనే గ్రూపు చూశాడు. ఓ నెగటివ్.

ఫ్రిజ్జులో లేదని నాకు తెలుసు. నర్సు పరుగున వచ్చింది.

"నెగటివ్ కావల్లంట. లిస్టు తియ్యమంటాండారు డాక్టరమ్మ."

నేను ఆలోచించలేదు. ఆలోచించి అన్నానంటే కొంచెం నయంగా ఉండేది. నోట్లోంచి దానంతట అదే వచ్చింది.

"పూజయిపోయింది కదక్కా. రేపు పొద్దున దాకా ముట్టగూడదు."

నర్సు దారం వైపు చూసింది. ఆమె కూడా అదే నమ్మకంలో పెరిగిన మనిషి. నిజమే కదా అన్నట్టు నిలబడి, సరే ముందు వేరే రక్తనిధులకు ఫోన్ చేసి చూస్తానని వెళ్లింది. లోపలున్న డాక్టరమ్మకు, లిస్టు చూస్తున్నాం అని చెప్పిందట. నాకు ఆ సంగతి తర్వాత తెలిసింది. పండగ కావడంతో ఒకచోట ఫోన్ ఎత్తలేదు, ఒకచోట ఎత్తి లేదన్నారు. ఆమె డయల్ చేస్తూ ఉంది. నేను కంప్యూటర్ ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాను. గోడగడియారం నా ఎదురుగానే ఉంది. ముళ్లు కదలడం చూస్తూ, ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, దొరుకుతుంది అని లోపల జపం చేస్తున్నాను. వరండాలో ఆమె మొగుడు గోడకు ఆనుకుని గొంతుక్కూర్చున్నాడు. అతన్ని చూడకుండా ఉండడానికి తల తిప్పుకున్నాను.

అలా అర్ధగంట గడిచింది. ఎక్కడా దొరకలేదు.

అప్పుడు పెద్దాయన వచ్చాడు. ఇంకా లిస్టు చూడలేదా అని అడిగాడు. నేను మళ్లీ అదే మాట చెప్పాను, ఈసారి దండ వైపు చూస్తూ. ఆయన నా ముఖంలోకి చూశాడు. రోజూ గాజు పలకల మీద చుక్కలు చూసి ఏ జబ్బో చెప్పే మనిషి, నా భయం ఆయనకు కనపడకుండా ఉండదు. దండ తీసి పక్కన పెట్టాడు. దారం వేలికి చుట్టుకుని ఒక్క లాగు లాగాడు.

"నేను కట్టిన దారం నేనే తెంపుతాండాను. దోషమేమన్నా ఉంటే నాకే తగలనీ. స్విచ్చి వెయ్యమ్మా."

వేశాను. తెర వెలిగింది. జాబితా తెరిచే చోట నొక్కితే ఖాళీ పేజీ వచ్చింది. మళ్లీ నొక్కాను. మళ్లీ ఖాళీ. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

"నిన్న శుభ్రం చేస్తానని నేనే తీసేసినానప్పా. లోపల పేర్లు ఉండాయో పోయినాయో తెలీదు."

నన్ను కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"మళ్లా వేసేకి అయితాదా?"

అవుతుందన్నాను. సీడీలు కావాలన్నాను. పళ్లెం తెచ్చి నా ఒడిలో పెట్టాడు.

ఇంజనీరు రాసిచ్చిన కాగితం గోడకు అంటించి ఉంది. జాబితాకు కావలసిన సాఫ్ట్‌వేర్ పేర్లు దాని అడుగున ఉన్నాయి. ఆజ్ఞ టైపు చేస్తుంటే వేళ్లు వేరే అక్షరాల మీద పడుతున్నాయి. రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి యంత్రం ఒప్పుకుని, రెండో నంబరు డిస్కు పెట్టి ఎంటర్ కొట్టమంది. పెట్టాను. డ్రైవు కీచుమని తిరిగి, చదవలేనని చెప్పింది. తీసి చూస్తే మెరిసే వైపంతా గంధం, నడిమధ్య కుంకుమ. పెద్దాయనకూ అప్పుడు అర్థమైంది. స్పిరిట్ సీసా, దూది తెచ్చి, సూది వేసేముందు చర్మం తుడిచినట్టు మెల్లగా, లోపలి నుంచి అంచు వైపుకు తుడిచాడు. మళ్లీ పెట్టాను. తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. ఐదో నంబరు డిస్కు అడిగింది. దాన్నీ తుడిచాం. తెర మీద వరసలు పరిగెత్తాయి. ఒక్కొక్క వరస కింద చుక్కలు చుక్కలుగా ఆగుతుంటే, ఇంతేనేమో, ఇక్కడే ఆగిపోతుందేమో అనిపించేది. వరండాలోంచి డాక్టరమ్మ కన్నడలో ఎవరినో గట్టిగా కసురుకోవడం వినపడుతోంది. ఆమె అంత గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

అంతా అయ్యి, నల్లటి తెర మళ్లీ నా ఆజ్ఞ కోసం ఆగింది. పేర్లు నేరుగా చూపించే వరస ఒకటి కాగితం మీద ఉంది. దాన్ని టైపు చేశాను, గ్రూపు దగ్గర ఓ నెగటివ్ అని చేర్చాను. ఎంటర్ మీద వేలు పెట్టి నొక్కలేకపోయాను. నొక్కనంత సేపు ఆ పేర్లు ఉండే అవకాశం ఉంది. పెద్దాయన నా భుజం వెనక నిలబడి ఉన్నాడు, ఆయన ఊపిరి వినపడుతోంది. నొక్కేశాను.

నాలుగు పేర్లు వచ్చాయి.

నేను కాదు మీదే కొట్టానో, లేక యంత్రమే ముందుగా కాదు మీద నిలబడి ఉండిందో నాకు ఈనాటికీ తెలియదు. తెలుసుకోవడానికి ప్రయత్నించలేదు కూడా. నాకు ఏడుపు వచ్చింది. ఏడవడానికి టైము లేదు, నంబర్లు గట్టిగా చదివాను, నర్సు డయల్ చేసింది.

మొదటి మనిషిది చింతామణే. మా ఆసుపత్రి నుంచి రెండు వీధుల అవతల ఇల్లు. ఫోన్ అతని భార్య ఎత్తింది. నర్సు ఫోను నా చేతికి ఇచ్చేసి రెండో నంబరు కోసం వేరే ఫోన్ దగ్గరికి పరిగెత్తింది.

"ఇప్పుడే విదురాశ్వత్థ గుడికని కార్లో పోయినారమ్మా. అర్ధగంట కూడా కాలే" అందామె.

ఆయన దగ్గర సెల్లు ఉందా అని అడిగాను. లేదంది. నేను ఫోను పెట్టలేదు. ఆమె హలో, హలో అంటూనే ఉంది. అర్ధగంట ముందు నేను స్టూలు మీద కూర్చుని గడియారం చూస్తున్నాను. ఆ అర్ధగంటలో ఆ మనిషి చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కుని, కారెక్కి, మా ఆసుపత్రి ముందు నుంచే వెళ్లి ఉంటాడు.

రెండో నంబరు మోగనే లేదు, నాలుగోది ఎవరూ ఎత్తలేదు. మూడో ఆయన బాగేపల్లిలో బడి మేష్టరు. పండగ భోజనానికి కూర్చోబోతూ లేచి వచ్చేశాడు. ఎవరిదో మోటారుసైకిల్ వెనక కూర్చుని ఆయన వచ్చేసరికి దాదాపు రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ నేను ఆపరేషన్ గది తలుపు చూడలేకా, చూడకుండా ఉండలేకా వరండాలో తిరిగాను. రక్తంతో తడిసిన గుడ్డల బకెట్టు పట్టుకుని ఆయా బయటికి వస్తే గోడ పట్టుకుని నిలబడిపోయాను. ఆమె చచ్చిపోతే నేనే చంపినట్టు. ఈ మాట వేరే ఎవరో నా చెవిలో చెబుతున్నంత స్పష్టంగా వినపడింది.

ఆమె చావలేదు. ఆడపిల్ల పుట్టింది, దోసిట్లో పట్టేంత పిల్ల. వెచ్చగా ఉండడానికి దీపం కింద పెట్టి కాపాడారు. కానీ రక్తం ఆగక, మేష్టరు వచ్చేలోగా ఎక్కించడానికి చేతిలో రక్తం లేక, డాక్టరమ్మ ఆమె గర్భసంచి తీసెయ్యాల్సి వచ్చింది. అర్ధగంట ముందు రక్తం వచ్చి ఉంటే తియ్యాల్సి వచ్చేది కాదా అని నేను డాక్టరమ్మను అడగలేదు. అక్కడ పనిచేసిన నాలుగేళ్లలో ఎన్నోసార్లు ఆ ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. సమాధానం ఏమొస్తుందోనని మింగేశాను.

పెద్దాయన ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. మరునాడు విజయదశమి పూజ మామూలుగా చేశాడు, కొత్త దారం కట్టి, విప్పాడు. నేను ఆ రోజే జాబితా అంతా కాగితం మీద అచ్చు వేసి బీరువాలో పెట్టాను. ఆయన డాక్టరమ్మకు ఎప్పుడు చెబుతాడో, ఆమె ఎప్పుడు పిలుస్తుందో అని చాలా రోజులు బెదురుతూనే తిరిగాను.

రెండు వారాల తర్వాత తల్లిని, బిడ్డను ఇంటికి పంపారు. బయలుదేరేముందు ఆమె మొగుడు నన్ను వెతుక్కుంటూ కంప్యూటర్ గదికి వచ్చాడు. ఉతికిన పంచె కట్టుకున్నాడు. గడప దాటి లోపలికి రాలేదు, చెప్పులు విడిచి అక్కడే నిలబడ్డాడు. పెద్దాయన మైక్రోస్కోపు ముందు ఉన్నాడు, తల ఎత్తలేదు.

"పూజలో పెట్టిన మిషన్ని మా కోసరము నువ్వే తీసినావంట గదమ్మా. పెద్దాయన చెప్పినాడు. పండగ దినం ఎవురు చేస్తారమ్మా అట్ల? ఇంగ బిడ్డలు లేకపోతే పోనీలే, మనిషి మిగిలింది. నా పేరు కూడా రాసుకో. ఎప్పుడు పిలిచినా వస్తాను."

నేను పెద్దాయన వైపు చూశాను. ఆయన గాజు పలక మారుస్తున్నాడు. నిజం చెప్పడానికి నోరు తెరిచాను. ఎదురుగా ఆ మనిషి చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. నేను జాబితా తెరిచి, అతని బ్లడ్ గ్రూపు ఏమిటని అడిగాను.